సెల్లాఫీల్డ్ నీళ్ల వెంట

ఇంగ్లండ్‌లో బారో నుంచి కార్లైల్ వెళ్లే రైలు చాలా దూరం సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. సీస్కేల్‌లో దిగి ఇసుకలోకి నడిస్తే ఉత్తరాన సెల్లాఫీల్డ్ అణుకేంద్రం కనిపిస్తుంది. వాడేసిన అణు ఇంధనాన్ని దశాబ్దాలపాటు అక్కడ శుద్ధి చేశారు. ఆ వ్యర్థజలాలను 1950ల నుంచీ పైపుల్లో ఐరిష్ సముద్రంలోకి వదిలారు. అవి పోయిన దారినే నేనూ పోదామని బయల్దేరాను.

1994లో పాత వ్యర్థాలను శుద్ధి చేయడానికి కొత్త ప్లాంటు మొదలైంది. అది ప్లుటోనియాన్ని పట్టింది గానీ రేడియోధార్మిక టెక్నీషియం-99ని వదిలేసింది. దాని అర్ధాయుష్షు 2 లక్షల ఏళ్ల పైమాటే. అడుగు బురదకు పెద్దగా అంటుకోదు, నీటితోపాటే సాగిపోతుంది. ఎక్కడ వదిలారో తెలుసు, ఎప్పుడు వదిలారో తెలుసు. సముద్ర ప్రవాహాల వేగం లెక్కగట్టేవాళ్లకు ఇంకేం కావాలి? స్కాట్లాండ్‌ను చుట్టి, ఉత్తర సముద్రం దాటి, రెండు మూడేళ్లకల్లా అది నార్వే దక్షిణ తీరాన తేలింది.

బెర్గెన్‌లో తీరం వెంట ఉత్తరానికి వెళ్లే ఓడ ఎక్కాను. మా కిందే నార్వే తీరప్రవాహం. నదుల నీరు కలిసి ఉప్పు తగ్గిన ఆ నీరు ఒడ్డును వదలకుండా పైకి పారుతుంది.

ట్రోమ్సో దగ్గర ఆటు సమయంలో రాళ్ల మీద గోధుమరంగు సముద్రపు నాచు పరుచుకుని ఉంది. తోలులా మందం, నడి ఈనెకు అటూ ఇటూ జంటలు జంటలుగా గాలిబుడగలు. వేలితో నొక్కితే టప్పున పేలుతాయి. ఈ నాచు తన చుట్టూ ఉన్న నీటిలోకంటే వేల రెట్లు ఎక్కువగా టెక్నీషియాన్ని కూడబెట్టుకుంటుంది. అందుకే పరిశోధకులు దీన్ని కోసి, ఎండబెట్టి, పొడిచేసి కొలుస్తారు. మనుషులకు హాని చేసేంత మోతాదు లేదు. అయినా పొరుగింటి మురుగు మన వాకిట్లోకి వస్తే ఎవరూరుకుంటారు? చేపల మీద బతికే నార్వే గట్టిగా పట్టుబట్టింది. 2004లో సెల్లాఫీల్డ్‌లో శుద్ధి పద్ధతి మార్చాక విడుదల బాగా తగ్గింది. ఆ పట్టుదల న్యాయమైనదే. వ్యర్థాలను అలా వదలడం తప్పే, వాటివల్ల ఎంత తెలిసినా సరే.

నా ప్రయాణం ట్రోమ్సోతో సరి. నీళ్లు మాత్రం ఒక పాయగా బారెంట్స్ సముద్రంలోకి, మరో పాయగా ఫ్రామ్ జలసంధి మీదుగా ఆర్కిటిక్‌లోకి వెళ్తాయి. ఫ్రాన్స్‌లోని లా హేగ్ అణు ఇంధన శుద్ధి కర్మాగారం వదిలిన అయోడిన్-129 కూడా వాటిలో ఉంటుంది. దానికీ అదే నీటిలోని యురేనియం-236కీ ఉన్న నిష్పత్తి ఏటికేడు మారుతూ వచ్చింది కాబట్టి, ఒక సీసా నీరు ఉత్తర సముద్రాన్ని దాదాపు ఏ ఏడాది వదిలిందో చెప్పగలుగుతున్నారు. ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి తిరిగి, గ్రీన్‌లాండ్ తూర్పు తీరం వెంట దిగివచ్చే నీటిలోనూ ఆ అయోడిన్‌ను కొలిచారు.