కోనసీమనుండి క్యోటోకు

మా కోనసీమలోని వృద్ధురాండ్రకు జపానుపేరు బాంబులతోఁ గలిసి వినఁబడినది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీఁదను కాకినాడమీఁదను బాంబులు వైచినవి. జనులు మూటలు గట్టుకొని తీరము విడిచి పోయిరి. అట్టి దేశమునకు వేడుక చూడఁబోవుచున్నామని చెప్పఁగా మా పెద్దత్తగారు "వాండ్ర యూరికా?" యని ముక్కుమీఁద వ్రేలు వేసికొనిరి.

సోదరీమణులారా! పోయి వచ్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. పోవుటకు ముందు చేయవలసిన యాలోచనయే యిల్లాలికిఁ గష్టమైనది. నాలుగేండ్లు కట్టిన చీటీసొమ్ము చేతికి వచ్చినది. మఱల నింత సొమ్ము ఒక్కమాఱుగా వచ్చునో రాదో. దినము లెనిమిది మాత్రమే.

బడిపంతులుగారి సంసారమునకు సెలవులే పంచాంగము. జపానులో చెఱ్ఱీపూవులు మార్చి చివర, ఏప్రిలు మొదట విరియును. అప్పుడు మాకుఁ బరీక్షలు. క్యోటోలో ఆకు లెఱ్ఱనగుట నవంబరులో, అప్పుడు బడి. ఏప్రిలు 29 మొదలు మే 5 వఱకు ఆ దేశస్థులకే సెలవులగుటచే రైళ్లును బసలును క్రిక్కిఱిసి యుండును. జూనులో వానలు పట్టుకొనును. తీసివేయఁగాఁ దీసివేయఁగా మిగిలినది మే నడిమిభాగము. మే 15వ తేదీన క్యోటోలో ఆఓయి యుత్సవమున్నదని తెలిసినతోడనే నా మనస్సు కుదుటఁబడినది.

ఈ యుత్సవమున ఐదువందలమంది వేయేండ్లనాఁటి దుస్తులు ధరించి, ఆఓయి యను మొక్క యాకులతో నలంకరించుకొని, ఎద్దుబండితోడను గుఱ్ఱములతోడను పాత రాజభవనమునుండి షిమొగమో యాలయమునకును, అటనుండి కమిగమో యాలయమునకును ఊరేఁగుదురు. జగ్గన్నతోఁట ప్రభలతీర్థము నెఱిఁగిన మాకు జూలైలో జరుగు గియోనుత్సవము మఱింత చేరువైనది. 869వ సంవత్సరమున మహామారి శాంతింపవలెనని అఱువదియాఱు గడలు నిలిపి పూజించుటతో నది యారంభమైనదఁట. ఇప్పుడు అలంకరించిన పెద్ద రథములను త్రాళ్లతో లాగుదురు. మనవారు కనుమనాఁడు ప్రభలను భుజములమీఁద వరిచేలకడ్డముగా మోసికొని పోవుదురు గదా, ఆ రెంటిని సరిచూడవలెనని యుండెను. కాని జూలైలో బడి. దానిని విడువక తప్పలేదు.

మావారికి టోకియోయు ఫూజీపర్వతమును చూడవలెనని కోరిక. "వేగపు రైలులో టోకియోనుండి క్యోటోకు రెండుగంటలపావే గదా!" యని వారి వాదము. బండి వేగమైనదే, పెట్టెలు సర్దుట, బస మార్చుట, క్రొత్తయూరిలో త్రోవ వెదకుకొనుట మాత్రము వేగముగా జరుగవు. ఎనిమిదింట రెండు దినములు ప్రయాణమునకే చెల్లును. మిగిలిన యాఱింటిని రెండుమహానగరములకుఁ బంచినచో చూచినది పటములలోఁ దప్ప మనస్సున మిగులదు. కావున క్యోటోలో నొక్కటే బస. అచటినుండి నారాకు రైలులో ముప్పావుగంట, ఉజికి అరగంటలోపు; ప్రొద్దుటఁ బోయి సాయంకాలమునకు రావచ్చును. మావారు "సరే" యనిరి. ఫూజీ చిత్రపటమును మాత్రము గోడనుండి యింకను దీయలేదు.

క్యోటోను నేను పట్టుపట్టుటకు నిజమైన కారణము మురసాకి షికిబు. ఆమె రచించిన గెంజికథ 1008 నాఁటికే రాజాంతఃపురమునఁ జదువఁబడుచుండెను. మన మొల్లకంటె నించుమించు ఐదువందల యేండ్లు ముందు! ఆ కాలమునఁ బురుషులు పాండిత్యమునకు చీనాభాషను పట్టుకొనఁగా, స్త్రీలు కనా యను దేశీయలిపిలో వ్రాసిరి. దానికి "ఆఁడుచేవ్రాలు" అను నర్థముగల పేరే యుండెను. తండ్రి తన సోదరునకుఁ బాఠము చెప్పుచుండఁగా విని యామెయే ముందుగా గ్రహించెననియు, ఇది మగపిల్లవాఁడు గాకపోయెఁగదా యని తండ్రి వగచెననియు ఆమె తన దినచర్యలో వ్రాసికొన్నది. మా యన్నగారికి నాయనగారు అమరము చెప్పుచుండఁగా వంటింటి గడపకడఁ గూర్చుండి విన్నదానను నేను. ఆ మాట చదివిననాఁడు పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని.

గెంజికథలోని కడపటి పది యధ్యాయములు ఉజినదితీరమున జరుగును. అందుచే ఆ యూరికొక దినమంతయుఁ గేటాయించితిని. అచట 1053లోఁ గట్టిన బ్యోదోయిన్ మండపము కలదు. వారి పదియెన్నుల నాణెముమీఁద నున్న బొమ్మ యదియే. తేయాకునకు ఉజి పేరుమోసినది. నాకు మాత్రము ఏటియొడ్డునఁ గూర్చుండుటయే పని.

నారాలో తోదాయిజీ యాలయపు మహాబుద్ధునకు 752లో నేత్రోన్మీలనము చేసినవాఁడు బోధిసేనుఁడను భారతీయ భిక్షువు. ఆయన 736లో చీనామీఁదుగా జపాను చేరెను. ఆయన పట్టిన కుంచెకుఁ గట్టిన పొడవైన దారములను చేరినవారు పట్టుకొని యా పుణ్యమునఁ బాలుపంచుకొనిరఁట. రాజోలునకుఁ జేరువనున్న ఆదుఱ్ఱు స్తూపపుదిబ్బను చిన్ననాఁడు చూచి, యిది యెవరిదని యడిగితి. ఇప్పుడు మా యమ్మాయికి ఆ బౌద్ధము ఎంతదూరము నడచెనో చూపవచ్చును. అక్షరములును అటులే నడచినవి. జపానువారి కనావరుస "అ ఇ ఉ ఎ ఒ", పిమ్మట "క స త న హ మ య ర వ". సంస్కృతవర్ణక్రమమును జదివిన భిక్షువుల మూలమున నేర్పడినది. మా యమ్మాయి దానిని మన గుణింతమువలె మూఁడుదినములలో వల్లించినది.

భోజనము విషయమున జాగరూకత వలయును. కూరగాయల పులుసని యిచ్చినను దానియడుగున ఎండుచేఁపతోఁ గాఁచిన దాషి యను రస ముండును. కావున చేఁప, మాంసము, దాషి కూడవని జపానులిపిలో వ్రాయించిన చీటి నొకదానిని చేతిసంచిలో నుంచుకొంటిని. బౌద్ధమఠములలో వండు శాకాహారమునకు షోజిన్ యని పేరు. సోయాపాలనుండి చేయు తోఫూయు, పాలమీఁగడవంటి యుబాయు క్యోటోలో మేలైనవి. ఆత్రేయపురపు పూతరేకులు కొన్ని పట్టుకొని పోవుచున్నాను. మే నెలలో మామిడిపండ్లు విడిచిపోవుట బాధయే. ధ్రువపత్రము లేని పచ్చిపండ్లను జపానువారు దింపనీయరు.

గడపకడఁ జెప్పులు విడుచుట, నేలపై గూర్చుండుట మనకుఁ గ్రొత్తగాదు. స్నానపుతొట్టిలో దిగుటకు ముందే బయట ఒడలు కడుగుకొనవలెనని మాత్రము పిల్లలకు ముందుగాఁ జెప్పవలెను.

త్రోవ యిది: అమలాపురమునుండి రాజమహేంద్రవరము, అటనుండి విమానమున హైదరాబాదు, నడుమ నొకచోట విమానము మాఱి ఒసాకా. అచటి విమానాశ్రయము సముద్రమును బూడ్చి చేసిన దీవి. గోదావరి మేట వేసిన నేలమీఁద బ్రదుకు మాకు అది చూడఁదగినదే. అచటినుండి రైలులో గంటంబావునకు క్యోటో.

మే 11న బయలుదేఱుదుము. 13 నారా, 14 ఉజి, 15 ఊరేఁగింపు, 17 అంగళ్లును సర్దుకొనుటయు. 16వ తేదీకి ఏమియు వ్రాయలేదు. వాన కురిసినచో ఊరేఁగింపును మఱునాఁటికి వాయిదా వేయుదురు.