పాత జీపుకి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? మేం చేసిన తప్పు

పోస్టు పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. ఇంట్లో పాత జీపో, ట్రెక్కరో, సెకండ్ హ్యాండ్ కారో ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. పెదనాన్న కొడుకు, చిన్నాన్న కొడుకు. ఒకే హాస్టల్, ఒకే రూము. తప్పు ఇద్దరిదీ కాబట్టి "మేము" అనే రాస్తున్నాం.

మాది చింతపల్లి వైపు. మా మూడిళ్లకీ కలిపి ఒక కమాండర్ జీపు ఉంది. 2003 మోడల్, డీజిల్ బండి. మావ నడుపుతాడు. సంతకి మనుషులు, మిరియాలు, పసుపు బస్తాలు అందులోనే. సెలవులైపోతే ఆశ్రమ పాఠశాల పిల్లలు అందులోనే. రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మా ఊరికి అదే అంబులెన్సు.

పోయినేడు డిసెంబరు మొదట్లో ఆయిల్ మార్చాలని మావ, నాన్న నర్సీపట్నం దిగారు. మేం కూడా హాస్టల్ నుంచి అక్కడికే వచ్చి కలిశాం. షాపులో రెండు మూడు రకాల డబ్బాలు తీసి బల్ల మీద పెట్టారు. నాన్న ఒకటి మా వైపు తిప్పి, "ఒరే, చదివినోళ్లు కదా, దీనిమీద ఏం రాసుందో చూడండి" అన్నాడు.

చదవడం అయితే చదివాం. 5డబ్ల్యూ-30, ఫుల్లీ సింథటిక్, ఎస్ఎన్. కానీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలీదు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే. షాపులో నలుగురి ముందు "తెలీదు నాన్నా" అనడానికి నోరు రాలేదు. షాపాయన "కొత్త టెక్నాలజీ ఆయిల్, పాత ఇంజిన్ కూడా కొత్తదైపోద్ది" అన్నాడు. మేం తలూపేశాం. మామూలుగా పోసే ఆయిల్ కంటే రెండింతలు పైనే రేటు. మేం తలూపాం కాబట్టే నాన్న ఆ డబ్బులు ఇచ్చాడు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పది రోజులు బాగానే నడిచింది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతోందని మావ తెగ సంతోషపడ్డాడు. తర్వాత ఘాట్ ఎక్కి వచ్చి ఆపితే, ఇంజిన్ వేడి మీద ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎర్ర ఆయిల్ లైటు మినుకుమినుకుమనేది. ఎక్సలేటర్ తొక్కితే ఆరిపోయేది. వైరు లూజు అనుకున్నాడు మావ. బండి ఆపిన చోట నేలమీద నల్ల మరకలు. పాత బండి అన్నాక కారదా అనుకున్నారు. ఒకసారి డ్రమ్ములోంచి కొలిచి అమ్మే లూజు ఆయిల్ లీటరు తెచ్చి పోశారు. డిప్‌స్టిక్ తీసి చూసినవాళ్లు లేరు.

సంక్రాంతి సెలవులయ్యాక పిల్లల్ని దింపడానికి వెళ్తుంటే లంబసింగి దాటాక ఘాట్‌లో కింద నుంచి టకటక మొదలైంది. మావ ఆపేసరికే శబ్దం పెద్దదైపోయింది. తొమ్మిది మంది పిల్లలు, తొమ్మిది ట్రంకు పెట్టెలు, మేం ఇద్దరం. వెనక వచ్చిన బస్సు నిండుగా ఉంది, ఆగలేదు. పెట్టెలు మోసుకుంటూ, చలికి వణుకుతూ చాలాదూరం నడిచాం. నాన్న బండి దగ్గరే కూర్చుండిపోయాడు.

ఇంజిన్ విప్పితే బేరింగ్ షెల్స్ గీసుకుపోయి ఉన్నాయి. క్రాంకు గ్రైండింగు, కొత్త షెల్స్, సీళ్లు, కూలీ, అన్నీ కలిపి 42 వేలు. అవి కాఫీ అమ్మిన డబ్బులు. చెల్లిని నర్సింగ్‌లో చేర్పిద్దామని ఉంచినవి. ఆమె జాయినింగ్ ఒక ఏడాది వెనక్కి పోయింది. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

మెకానిక్ పెద్దాయన అన్నది మాత్రం రాయాలి. "ఆయిల్ రకం తప్పు సగమేరా బాబూ. చంపింది ఆయిల్ తక్కువైపోవడం. డిప్‌స్టిక్ చూసుంటే ఇంతదూరం వచ్చేది కాదు." ఇరవై ఏళ్లు తిరిగిన ఇంజిన్‌లో లోపల సందులు అరిగి వెడల్పు అయిపోతాయంట. వేడెక్కాక పల్చని ఆయిల్ ఆ సందుల్లోంచి తొందరగా జారిపోతుంది, ప్రెజర్ నిలబడదు. గట్టిపడిన పాత సీళ్ల దగ్గర బయటికీ కారుతుంది.

ఆ రోజు ఇంటికెళ్లి ఖాళీ డబ్బా వెతికితే, సగానికి కోసి మొక్కలకి నీళ్లు పోసుకుంటున్నారు. దానిమీద ఎక్కడ చూసినా ఎస్ఎన్ అనే ఉంది. ఏపీఐ గుర్తుల్లో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజిన్‌కి, సీతో మొదలయ్యేవి డీజిల్‌కి. డీజిల్ మసిని మోసే మందులు, ఆమ్లాన్ని తట్టుకునే మందులు సీ రకంలో ఎక్కువ కలుపుతారు. కొన్ని డబ్బాల మీద సీఐ-4/ఎస్ఎల్ అని రెండూ ఉంటాయి, అవి పనికొస్తాయి. మేం కొన్నదాంట్లో సీ అనేదే లేదు. డీజిల్ బండికి పెట్రోల్ ఆయిల్ పోయించాం, చదువుకున్నోళ్లం.

అన్నిటికంటే సిగ్గుగా అనిపించింది ఇంకోటి. డాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్సు కాగితాలతో పాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బండి పుస్తకం ఉంది. ఇంగ్లీషులో ఉందని ఇన్నేళ్లూ ఎవరూ విప్పలేదు. మేం కూడా విప్పలేదు. హాస్టల్‌కి తెచ్చుకుని ఫోన్లో మాటలు వెతుక్కుంటూ చదివితే ఒక్క పేజీలోనే ఉంది: 15డబ్ల్యూ-40, సీఎఫ్-4 గానీ అంతకంటే పైది గానీ.

ఈ అంకెల సంగతి చెప్తాం. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. చలికి మన ఇప్ప నూనె గడ్డకట్టడం చూశారు కదా, ఆయిల్ కూడా చలికి చిక్కబడుతుంది. డబ్ల్యూ ముందు అంకె ఎంత చిన్నదైతే అంత చలిలోనూ తొందరగా పారుతుంది. వెనక అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. 30 కంటే 40, 40 కంటే 50 చిక్కన. మా బండి పొద్దున్నే తొందరగా స్టార్ట్ అవ్వడానికి ఆ 5 కారణం. వేడి మీద లైటు వెలగడానికి ఆ 30 కారణం. రెండూ డబ్బా మీదే రాసి ఉన్నాయి.

మరి పాత బండి కదా, ఇంకా చిక్కగా 20డబ్ల్యూ-50 పోసేద్దామా? మన వైపు చాలామంది మెకానిక్‌లు అదే అంటారు. అది పూర్తిగా తప్పనలేం. 20డబ్ల్యూ గ్రేడుకి స్టార్టింగు పరీక్ష మైనస్ 15 డిగ్రీల దగ్గర చేస్తారు. లంబసింగిలో ఎంత చలి పెట్టినా సున్నా దగ్గర దాకానే, కాబట్టి స్టార్ట్ అవ్వదన్న భయం లేదు. కాకపోతే చలి పొద్దుల్లో పైదాకా చేరడానికి 15 కంటే కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ఆ కాసేపూ ఇంజిన్ అరుగుతుంది. ఇంజిన్ బాగా అరిగిపోయి ఆయిల్ తాగేస్తుంటే, విప్పడానికి డబ్బులు లేకపోతే, 20డబ్ల్యూ-50తో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కానీ అది జ్వరానికి తడిగుడ్డ వేయడం లాంటిది. ఆయిల్ తాగని బండికి పుస్తకంలో రాసిందే పోయాలని మా అభిప్రాయం. మేం ఇప్పుడు 15డబ్ల్యూ-40, సీఐ-4 ప్లస్, మామూలు మినరల్ ఆయిల్ పోస్తున్నాం. సీఎఫ్-4 1990 నాటిది, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో వచ్చాయి. తర్వాత వచ్చింది ముందుదానికి సరిపోతుంది. సీకే-4 కూడా పోయొచ్చు, కానీ అది ఎక్కువగా పొగ ఫిల్టరు ఉన్న కొత్త బండ్ల కోసం తయారైంది, మనకి ఆ ఖర్చు దండగ. ఎఫ్ఏ-4 అని ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, అది కొత్త లారీ ఇంజిన్ల కోసం చేసిన పల్చని రకం. సింథటిక్ అంటే విషం అని మేం అనట్లేదు. సరైన గ్రేడులో, సీ ఉన్నదైతే మంచిదే. ఎలాగూ తొందరగా మార్చాల్సిన పాత ఇంజిన్‌కి అంత డబ్బు ఎందుకు అంటున్నాం.

ఎప్పుడు మార్చాలి? మేం 5 వేల కిలోమీటర్లకి మారుస్తున్నాం. లోడుతో ఘాట్ ఎక్కే బండికి అదే మంచిదని మెకానిక్ చెప్పాడు. మా మీటరు పనిచేయక ఎన్నో ఏళ్లయింది కాబట్టి మావ గోడమీద బొగ్గుతో గీతలు పెడతాడు. నర్సీపట్నం వెళ్లొస్తే సుమారు 100 కిలోమీటర్లు, ఒక గీత. యాభై గీతలకి ఆయిల్, ఫిల్టరు రెండూ మారతాయి.

డిప్‌స్టిక్ వారానికోసారి చూస్తాం. బండి సమానమైన నేల మీద ఉండాలి. మా ఊళ్లో అలాంటి నేల స్కూలు గ్రౌండు ఒక్కటే, అక్కడికి తీసుకెళ్లి, ఆపి, పది నిమిషాలాగి, తుడిచి, మళ్లీ ముంచి చూస్తాం. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటి పోయడం కూడా తప్పే. డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడితే భయపడొద్దు, అది మసి. పాల టీ రంగులోకి వస్తే మాత్రం నీళ్లు కలిసినట్టు, బండి ఆపేయండి. నీలం పొగ వదలకుండా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఎర్ర లైటు వెలిగితే వైరు అనుకోకండి, మా మాట వినండి.

లూజు ఆయిల్ ఎవరి దగ్గరా కొనొద్దు. అందులో ఏముందో అమ్మేవాడికే తెలీదు. సీలు ఉన్న డబ్బా కొని, బిల్లు తీసుకుని, ఖాళీ అయ్యాక డబ్బాకి చిల్లు పెట్టండి. లేకపోతే అదే డబ్బాలో నకిలీ ఆయిల్ మళ్లీ మన దగ్గరికే వస్తుంది. జీపుకి పోయగా మిగిలింది బైక్‌లో పోయకండి. చాలా బైక్‌ల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, ఆ ఆయిల్‌కి జారిపోవచ్చు. బైక్ డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో ఉండాలి.

తీసేసిన ఆయిల్ ఇదివరకు మేమూ గెడ్డ ఒడ్డునే పారబోసేవాళ్లం. దిగువన అవే నీళ్లు తాగుతారు. 2016 నాటి కేంద్ర నిబంధనల్లో వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కింద ఉంది. ఇప్పుడు క్యాన్‌లో పట్టి, దిగినప్పుడు మెకానిక్ దగ్గర ఇచ్చేస్తున్నాం. అక్కడ సేకరించేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు.

మొన్న ఉగాది ముందు మళ్లీ ఆయిల్ కొనడానికి వెళ్లాం. ఈసారి వేరే షాపు. నాన్న మమ్మల్ని ఏమీ అడగలేదు. డబ్బా తనే తిప్పుకుని, అక్షరాల మీద వేలు పెట్టి వెతికి, "ఈ చంద్రవంకలా ఉన్నదేనా?" అన్నాడు. అదే నాన్నా అన్నాం.

మా ఊళ్లో ఇంకో ఇంటికి పాత ట్రెక్కర్ ఉంది, దాని పుస్తకం ఎక్కడో పోయింది. మీలో ఎవరింట్లోనైనా ఉంటే ఆయిల్ గురించి రాసిన పేజీ ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి. మీ ఇంట్లో పోస్తున్న డబ్బా ఫోటో పెట్టినా చదివి చెప్తాం. తెలియకపోతే తెలీదనే చెప్తాం.