ముడిని మన్నిస్తేనే విల్లు!

భీమవరం వెళ్లినవారు గునుపూడిలో సోమేశ్వరుణ్నీ, ఊళ్లో మావుళ్లమ్మనూ దర్శించుకోవడం మామూలే. ఇప్పుడు ఆ దారిలో మరో మజిలీ చేరింది. అదే అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కంచు విగ్రహం. ఆయన 125వ జయంతి ఉత్సవాల్లో భాగంగా 2022 జూలై 4న ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని ఆవిష్కరించారు. అల్లూరి పుట్టింది విశాఖ వైపు పాండ్రంగిలోనే అయినా, సొంతూరు మాత్రం భీమవరానికి దగ్గర్లోని మోగల్లు.

అల్లూరి అనగానే పిల్లలకు గుర్తొచ్చేది విల్లే. కంచు విల్లుకు విరుగుతుందన్న భయం లేదు. కర్రతోనో వెదురుతోనో చేసే విల్లు సంగతి అలా కాదు. ఏ లోపమూ లేకుండా పెరిగే చెట్టు ఎక్కడుంటుంది? ఆ లోపం సంగతి తెలియకుండా చెక్కితే విల్లు విలుకాడి చేతిలోనే విరుగుతుంది!

నారి లాగినప్పుడు లక్ష్యం వైపున్న ముఖం సాగుతుంది. విలుకాడి వైపున్న ముఖం నొక్కుకుంటుంది. సాగే వైపు నార ఎక్కడ తెగి ఉంటే విల్లు అక్కడ విరుగుతుంది. అందుకే చెట్టు ఏటేటా వేసుకునే పొరల్లో ఒకటి, ఆ ముఖం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా ఉండాలి. పొర ఎత్తుపల్లాలుగా ఉంటే బాడిసె కూడా అలాగే నడవాలి. నున్నగా ఉంటుందని చిత్రిక పట్టారో... పని చెడినట్టే!

కొమ్మ మొలిచిన చోట ముడి ఉంటుంది. కాలువలో పాతిన గుంజను నీళ్లు చుట్టుకుపోయినట్టు, నార ముడిని చుట్టుకుని పోతుంది. అనుభవం ఉన్నవారు దాన్ని తవ్వి తీసేయరు. చుట్టూ కాస్త కర్ర ఎక్కువగా వదులుతారు. వీలైతే ముడి పిడికిలి పట్టే నడిమి భాగంలోకి వచ్చేలా కొలత వేసుకుంటారు. అక్కడ విల్లు పెద్దగా వంగదు మరి! నిలువునా పోయే సన్న చీలికతో ఒక్కోసారి నెట్టుకురావచ్చు. అడ్డంగా పగులు ఉంటే మాత్రం ఆ కర్ర పొయ్యిలోకే.

వెదురుదీ ఇదే దారి. గట్టి నారంతా బయటి తొక్క కిందే దట్టంగా ఉంటుంది. కాబట్టి లోపలివైపే చెక్కాలి. కణుపుల దగ్గర మందం ఉంచాలి. మన దేశంలో జరిగే విలువిద్య పోటీల్లో ‘ఇండియన్ రౌండ్’కు ఇలాంటి వెదురు విల్లులే వాడతారు.

అసలు పరీక్ష చివర్లో ఉంటుంది. కొంచెం వంచి చూడటం, బిగుసుకున్న చోట గీకడం, మళ్లీ వంచడం. ఒకచోటే ఎక్కువగా వంగుతోందంటే అక్కడ బలం తక్కువని అర్థం. ఆ చోటును ఇక ముట్టుకోకూడదు. తీసిన కర్రను తిరిగి పెట్టలేం కదా! మిగతా విల్లునంతా గీకి, దానికి సమానంగా తేవాలి. బలమున్న భాగం కాస్త తగ్గితేనే బలహీనమైన భాగం నిలుస్తుంది.

మన్యంలో విల్లు ఇంటి వస్తువే. పాపికొండల్లో కొండరెడ్లు, కోయలు వేటకు దాన్నే పట్టారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికీ, అడవిలో తిరగడానికీ అడ్డుపడింది. ఆ ఉక్రోషమే 1922లో రంప తిరుగుబాటైంది. ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడులు జరిగాయి. తుపాకుల కోసమే ఆ దాడులు. అయినా జనం మనసులో అల్లూరి పక్కన నిలిచింది విల్లే. తుపాకీ స్టేషన్‌లో దొరుకుతుంది. విల్లును అడవే ఇస్తుంది. ఆ అడవి కోసమే కదా పోరు!

ఈసారి భీమవరం వెళ్తే పిల్లలకు విగ్రహాన్ని చూపించండి. తర్వాత ఏదైనా చెట్టు దగ్గర ఆగి, కొమ్మ మొలిచిన చోటునూ చూపించండి. విల్లు కథ మొదలయ్యేది అక్కడే.