నాలుగు బంగారు కార్డులకి ఒక అడవి పంది



ఈ సంచికకి ఏదైనా రాయమని తెలుగు సార్ అడిగినప్పుడు మా గదిలో వాళ్ళంతా "పిక్కలాట గురించి రాయరా" అన్నారు. గోడమీద పెడితే వార్డెన్ సార్ కూడా చదువుతారు కదా అని మొదట భయమేసింది. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఇది పేకాట కాదు సార్. ఇందులో డబ్బుల్లేవు, పందెం లేదు. స్టడీ అవర్లో ఎప్పుడూ ఆడలేదు. (ఒక్కసారి ఆడాం. ఆ రోజు కరెంటు లేదు.)

తెలియని వాళ్ళకోసం కొంచెం వివరం రాస్తాను. దీని అసలు పేరు హార్త్‌స్టోన్. అమెరికాలోని బ్లిజార్డ్ అనే కంపెనీ 2014లో తీసుకొచ్చింది. కంప్యూటర్లోనూ ఫోన్లోనూ ఆడతారు. మా అన్నయ్య వైజాగ్‌లో పనిచేస్తాడు, వాడి ఫోన్లో ఉంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో నాకు నేర్పాడు. హాస్టల్లో మనకి ఫోన్లు లేవు కాబట్టి కార్డులన్నీ లాంగ్ నోట్‌బుక్కులో ఎక్కించుకుని వచ్చాను. ఇక్కడ పాత పెళ్ళికార్డులు, నోట్‌బుక్కుల అట్టలు కత్తిరించి ముక్కలు చేశాం.

ఒక్కొక్కరికి 30 కార్డుల కట్ట. 30 ప్రాణాలు, అవి సుద్దముక్కతో నేలమీద రాసుకుంటాం. ఫోన్లో మానా అని మెరిసే రాళ్ళుంటాయి. మాకు వాటి బదులు చింతపిక్కలు. మొదటి వంతులో ఒక పిక్క, రెండో వంతులో రెండు, అలా పది దాకా పెరుగుతాయి. ప్రతి కార్డుకీ ఇన్ని పిక్కలని ధర ఉంటుంది. కింద రెండు అంకెలు, మొదటిది దెబ్బ, రెండోది ప్రాణం. దింపిన కార్డు ఆ వంతులో కొట్టకూడదు, తర్వాత వంతు దాకా ఆగాలి. 'దూకుడు' అని రాసున్న కార్డు మాత్రం దిగిన వెంటనే కొడుతుంది. ఎదుటివాడి 30 ప్రాణాలు అయిపోతే ఆట అయిపోయినట్టే.

ఒకే కార్డు కట్టలో రెండు దాకా పెట్టుకోవచ్చు. గొప్ప కార్డులైతే ఒక్కటే. వాటికి చాక్లెట్ తగరం అంటించి బంగారు కార్డులు అన్నాం. ఫోన్లో ఒక గొప్ప కార్డు తయారు చెయ్యాలంటే 1600 ధూళి కావాలి. ఉన్న గొప్ప కార్డుని పగలగొడితే వచ్చేది 400. అంటే నాలుగు పోతే ఒకటి. మేమూ అదే లెక్క పెట్టుకున్నాం. కాకపోతే అట్టలు దొరకవు కదా, చించకుండా బిస్కెట్ డబ్బాలో వేస్తాం. ఆ డబ్బా నా ట్రంకు పెట్టెలో ఉంటుంది. రూల్సు రాసిన కాగితం కూడా నా పెట్టె మూతకే అంటించి ఉంటుంది. ఫోన్లో ఆట చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవరూ కాదనలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

కార్డు మంచిదో కాదో చూడ్డానికి అన్నయ్య నాకొక కొలత చెప్పాడు. ధరని రెండుతో హెచ్చవేసి ఒకటి కలపాలి. దెబ్బా ప్రాణం కలిపితే ఆ అంకె రావాలి. రెండు పిక్కల మొసలికి 2 దెబ్బ, 3 ప్రాణం, కలిపితే 5. సరిపోయింది. నాలుగు పిక్కల మంచుమనిషికి 4, 5. అదీ సరిపోయింది. ఆరు పిక్కల రాక్షసుడికి 6, 7. కొలతకి తక్కువొస్తే, ఆ తక్కువకి బదులు కార్డుమీద ఏదైనా పని రాసుందా చూడాలి. ఉంటే ఆ పని ఎంత విలువ చేస్తుందో ఆలోచించాలి. లేకపోతే అది చెత్త. ఈ కొలత వచ్చాక నాకు కొమ్ములొచ్చాయి. ఆరో తరగతి పిల్లలు కూడా కార్డు పట్టుకొచ్చి "అన్నా, ఇది పెట్టుకోమంటావా" అని అడిగేవాళ్ళు. చూడకుండానే చెప్పేసేవాణ్ణి.

జూలైలో ఒక వానరోజున, నా పక్క ట్రంకు పెట్టెవాడు నా నోట్‌బుక్కు తిరగేస్తూ చివరి పేజీలో ఒక కార్డు దగ్గర ఆగిపోయాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. మనిషి ఎక్కువ మాట్లాడడు. లెక్కల్లో నాకంటే తక్కువ మార్కులే వస్తాయి.

ఆ కార్డు పేరు ప్యాచెస్ ది పైరేట్. 2016 డిసెంబరులో వచ్చిన ఓడదొంగ. మేం అతుకులోడు అని పిలుస్తాం. ధర ఒక పిక్క, దెబ్బ 1, ప్రాణం 1, దూకుడు ఉంది. కింద ఒక వాక్యం: మీరు ఏ ఓడదొంగనైనా దింపిన తర్వాత, ఇతను మీ కట్టలోంచి నేరుగా బయటికొస్తాడు.

"బావా, ఇది చేసుకుంటే ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

నేను కొలత వేశాను. ఒక పిక్కకి మూడు రావాలి, ఇక్కడ రెండే. దూకుడు ఉందిగా అంటే, అడవి పందికీ ఉంది. నిజంగానే ఆ ఆటలో అడవి పంది అని ఒక మామూలు కార్డుంది, అదీ ఒక పిక్కే, అదీ 1కి 1, అదీ దూకుడే. కట్టలో చోటు దండగ అని మాలో ఎవరూ పెట్టుకోరు. "నాలుగు బంగారు కార్డులిచ్చి పందిని కొంటావా? మన ఊళ్ళో ఊరికే తిరుగుతుంటాయి కదరా" అన్నాను. గదంతా నవ్వింది. వాడూ నవ్వాడు.

మర్నాడు నాలుగు బంగారు కార్డులు తెచ్చి నా డబ్బాలో వేశాడు. అందులో ఒకటి డాక్టర్ బూమ్. నాకు మతిపోయింది. డాక్టర్ బూమ్ అంటే ఏడు పిక్కలకి 7, 7, దాంతోపాటు రెండు బాంబులు కూడా దిగుతాయి. అవి చస్తూ చస్తూ ఎదుటివైపు ఎవరికో ఒకరికి ఒకటి నుంచి నాలుగు దాకా దెబ్బ తగిలిస్తాయి. అలాంటిదాన్ని వదిలేశాడు. ఆ సాయంత్రమే నేను నావి నాలుగు వేసి డాక్టర్ బూమ్‌ని తీసుకున్నాను. రూలు ప్రకారమే తీసుకున్నాను.

వాడు ఆ వారమంతా ఆడలేదు. కట్ట కట్టుకుంటూ కూర్చున్నాడు. కొత్త కార్డు పెట్టడం పెద్ద పని కాదు, ఏది తియ్యాలన్నదే కష్టం. 30కి 31 పట్టదు. నేనైతే ఒక పాత కార్డు తీసి అతుకులోణ్ణి పెట్టి ఊరుకునేవాణ్ణి. వాడు కట్ట మొత్తం విప్పేశాడు. రాక్షసుల్ని తీసేశాడు, మంచుమనుషుల్ని తీసేశాడు. ఒక పిక్క ఓడదొంగలు నలుగురు, రెండు పిక్కలవాళ్ళు ఇద్దరు, మూడు పిక్కల కెప్టెన్లు ఇద్దరు, మిగతావన్నీ కత్తులూ చిన్నచిన్న కార్డులూ. పెద్ద ధరవి ఒక్కటీ లేవు. ఒక కార్డుకోసం మిగతా ఇరవై తొమ్మిదీ మార్చాడు.

"అతుకులోడు మొదటే చేతికొచ్చేస్తే ఏం చేస్తావు? కట్టలో ఉంటేనే కదా ఊరికే వచ్చేది" అని అడిగాను. అది మంచి ప్రశ్నే, ఇప్పటికీ అంటాను. వాడు రఫ్ నోట్‌బుక్కు చూపించాడు. ఇరవైసార్లు తనకి తానే మూడేసి కార్డులు పంచుకుని రాసుకున్నాడట. మూడుసార్లు అతుకులోడు చేతికొచ్చాడు, పదిహేడుసార్లు రాలేదు. లెక్క వేస్తే 30లో 3, అంటే పదింటికి ఒకసారి. పైగా మొదట వచ్చిన కార్డు నచ్చకపోతే మార్చుకునే వీలుంది.

ఆదివారం కోడికూర తిన్నాక ఆడాం. అతుకులోణ్ణి కట్టలోంచి వెతికి తియ్యాలంటే వాడి కట్ట వాడే చూసినట్టవుతుంది కదా, ఫోన్లో ఆ బాధ లేదు. అందుకని ఏడో తరగతి పిల్లాణ్ణి మధ్యలో కూర్చోబెట్టాం, వాడే వెతికి తీసి కట్ట మళ్ళీ కలుపుతాడు.

మొదటి వంతు వాడిదే. ఒక పిక్క పెట్టి సరంగుని దింపాడు. సరంగు వస్తూ వస్తూ తుప్పు కొక్కెం తెచ్చిస్తాడు, దాని దెబ్బ 1. పిల్లాడు కట్టలోంచి అతుకులోణ్ణి తీసి పెట్టాడు. కొక్కెం ఒకటి, అతుకులోడు ఒకటి, నా ప్రాణాలు 28. నాకింకా వంతే రాలేదు. రెండో వంతులో ఇంకో దొంగని దింపి మూడు కొట్టాడు, 25. నేను మొసలిని దింపాను. మూడో వంతులో కెప్టెన్ దిగాడు. కెప్టెన్ ఉంటే మిగతా దొంగలందరికీ ఒక దెబ్బ ఒక ప్రాణం పెరుగుతాయి. నా మొసలిని ఎవరూ ముట్టుకోలేదు. అందరూ దాని పక్కనుంచి పోయి నన్నే కొట్టారు. తొమ్మిది ఒకేసారి. 16. ఐదో వంతుకి అయిపోయింది. నా చేతిలో డాక్టర్ బూమ్ ఉన్నాడు, ఏడో పిక్క రానేలేదు.

నా కొలతలో తప్పెక్కడుందో అప్పుడే తెలిసింది. ఒక పిక్క ఖర్చుపెట్టి చేతిలోంచి దింపే కార్డుకైతే ఆ కొలత సరే. అతుకులోడికి పిక్కా పెట్టక్కర్లేదు, చేతిలో కార్డూ తగ్గదు. ధరే కట్టని దానికి ధరని రెండుతో హెచ్చవేస్తూ కూర్చున్నాను. అడవి పంది లెక్క కూడా అంతే. పందిని వాడుకోవాలంటే ఒక వంతు దానికే పోతుంది. వీడు ఇంకొకడి వంతులో ఊరికే వస్తాడు. అదీగాక ఆ చిన్న కార్డు కట్టలోంచి పోతే మిగిలినవాటిలోంచే మంచి కార్డు తీసుకోవచ్చు.

ఇవన్నీ తెలిశాయి కదా, తెలిసి నేనేం చేశానో కూడా రాయాలి. ఇంకో రెండు ఆటలు ఆడి రెండూ ఓడిపోయాను. రాత్రి లైట్లు ఆర్పేముందు పెట్టె మూత తెరిచి రూల్సు కాగితం కింద ఒక లైను కలిపాను: "ప్యాచెస్ నిషేధం". పొద్దున్న చెప్పాను, అది అన్యాయమైన కార్డని, అందరి ఆటా చెడుతుందని. వాడు ఏమీ అనలేదు. అతుకులోణ్ణి తెచ్చి నా పెట్టె మీద పెట్టి జావ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సాయంత్రాలు వాలీబాల్‌కి పోవడం మొదలుపెట్టాడు. పక్కపక్క పెట్టెలే అయినా సబ్బు అడగడం కూడా మానేశాడు. వాడి నాలుగు బంగారు కార్డులు డబ్బాలోనే ఉండిపోయాయి. నాలుగు కాదు, మూడు. నాలుగోది నా కట్టలో ఉంది.

దసరా సెలవుల్లో అన్నయ్యకి ఈ కథంతా గొప్పగా చెప్పాను. నాకు తెలీకుండానే కంపెనీవాళ్ళలాగే చేశాననుకున్నాను, ఎందుకంటే వాళ్ళూ ఆ కార్డుని మార్చారని విన్నాను. అన్నయ్య వివరంగా చెప్పాడు. కార్డు వచ్చిన రెండు నెలలకి, 2017 ఫిబ్రవరిలో, వాళ్ళు ప్యాచెస్‌ని ముట్టుకోలేదట. దానితో కలిసి తిరిగే ఇంకో చిన్న ఓడదొంగకి రెండు ప్రాణాలుంటే ఒకటి తీసేశారు. ఇంకో ఏడాది చూసి, 2018 ఫిబ్రవరిలో ప్యాచెస్ దూకుడు తీసేశారు. అప్పుడు కూడా కార్డుని ఆటలోంచి తీసెయ్యలేదు. ఊరికే రావడం అలాగే ఉంది, వచ్చిన వెంటనే కొట్టడం మాత్రం పోయింది. ఆ కార్డు ఉన్నవాళ్ళు కావాలంటే కొన్నాళ్ళపాటు దాన్ని పగలగొట్టుకుని 400 కాదు, పూర్తిగా 1600 ధూళీ వెనక్కి తీసుకోవచ్చు.

"నువ్వు వాడికి ఎంత వెనక్కిచ్చావు?" అని అడిగాడు అన్నయ్య.

నేను అన్నం తింటున్నాను. అన్నయ్య మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఘాట్ రోడ్డు పొడుగునా అదే ఆలోచించాను. ఓడిపోకపోతే ఆ కార్డుని నిషేధించేవాణ్ణా? గెలిచింది వేరేవాడైతే ఒక్క రాత్రిలో నిషేధించేవాణ్ణా? రెండింటికీ జవాబు తెలుసు.

హాస్టలుకొచ్చిన రోజు రాత్రి అందరి ముందూ డబ్బా దించి వాడి మూడు కార్డులూ, నా కట్టలోంచి డాక్టర్ బూమ్‌నీ తీసి వాడి పెట్టె మీద పెట్టాను. రూలు తప్పు రాశానని చెప్పాను. వాడు మూడు కార్డులు తీసుకుని డాక్టర్ బూమ్‌ని నావైపు తోసేశాడు.

"ఇది నువ్వే ఉంచుకో బావా. ఏడు పిక్కల దాకా మనం ఆగం. అతుకులోణ్ణి ఇస్తావా?"

అలా అయితే లెక్క కుదరదు, మూడిచ్చి ఒకటి ఎలా అని ఎనిమిదో తరగతివాళ్ళు గొడవ చేశారు. ఆ గొడవ అరగంట నడిచింది. చివరికి వాడు ఇంకో బంగారు కార్డు కలిపి నాలుగు చేసి డబ్బాలో వేసి అతుకులోణ్ణి తీసుకున్నాడు. దూకుడు ఉంచాలా తియ్యాలా అన్నదానికి చేతులెత్తించాం. తియ్యాలని పదకొండు మంది, ఉంచాలని తొమ్మిది మంది. నేను ఉంచాలనే ఎత్తాను, ఎవరూ నమ్మలేదు.

ఇప్పుడు దూకుడు లేకుండానే ఆడుతున్నాడు. నేను కట్ట మార్చాను. మొసళ్ళకి తోడు రెండు పిక్కల్లోనే అడ్డం నిలబడే కార్డులు వెతికి పెట్టాను, ఒక రాక్షసుణ్ణి తీసేశాను. ఈ నెలలో ఇద్దరం ఎనిమిది ఆటలు ఆడితే మూడు నేను గెలిచాను. రూల్సు కాగితం నా పెట్టె మూత మీంచి తీసి మన గది తలుపు వెనక అంటించాం. డబ్బా వాడి దగ్గర ఉంది.

ఆడాలనుకున్న వాళ్ళు పాత పెళ్ళికార్డులు తెచ్చుకోండి, గట్టి అట్టవైతే మంచిది. పిక్కలు మాదగ్గర చాలా ఉన్నాయి. డైనింగ్ హాలు వెనక, ఆదివారం మధ్యాహ్నం.