పిడుగు తప్పినవారి కళ్లు



ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం దాటితే మబ్బు పట్టడం, ఆ వెంటే ఉరుములు. ఏటా ఏప్రిల్, మే నెలల్లో మన పొలాల్లో పిడుగుపాటు వార్తలు వింటూనే ఉంటాం. మన దేశంలో ఏడాదికి 2,000 మందికి పైగా ఇలా చనిపోతున్నారు. పోయినవారి సంగతి పేపర్లో వస్తుంది. బతికి బయటపడ్డవారి సంగతి ఎవరికీ పట్టదు. ఈ వారం వారి కళ్ల గురించి మాట్లాడుకుందాం.

మన సంఘంలో ఒక అన్న ఉన్నారు. వాన వస్తుందని కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పుతుంటే పక్కనున్న తాటిచెట్టు మీద పిడుగు పడింది. ఆయన కూలిపోయారు. కాళ్లు కాసేపు చచ్చుబడి, మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి. ప్రాణం దక్కిందని అందరం దేవుణ్ణి స్తుతించాం. ఏడు నెలలు గడిచాక, క్రిస్మస్ పాటలు నేర్చుకునే రోజుల్లో, పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయన్నారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా లేవు.

అది శుక్లం. పిడుగు దెబ్బ తగిలినవారి కళ్లకు ఎక్కువగా వచ్చే జబ్బు అదే. కోడిగుడ్డు ఉడికితే తేటగా ఉన్న సొన తెల్లబడుతుంది కదా, కంటిలోని కటకం కూడా అలాగే మసకబారుతుంది. కొందరికి రోజుల్లోనే వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది, ఏడాది దాటాక వచ్చినవారూ ఉన్నారు. నల్లగుడ్డు కమిలిపోవచ్చు, కంటి లోపల వాపు రావచ్చు, వెనకనున్న రెటీనా మధ్యలో రంధ్రం పడవచ్చు, చూపు నరం దెబ్బతినవచ్చు.

ఇంటికి వచ్చినవాళ్లు తలో మాట అన్నారు. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, కంటికి ఏమొచ్చినా ఆకుపసరే మందన్నారు కొందరు. "ఏ పాపం చేశాడో, దేవుడు కొట్టాడు" అన్నారు ఇంకొందరు. ఆ మాట విని ఆయన భార్య మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆమెకు మేము యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చదివి వినిపించాం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే. పాపం అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. ఆ తర్వాత ఆయన వాదన పెట్టుకోలేదు, కళ్లు బాగుచేసే పనిలో దిగాడు. ప్రియులారా, మన పని కూడా అదే.

పెద్ద ఊరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. శుక్లం ఆపరేషన్‌కు డబ్బు తీసుకోలేదు. ఎడమ కన్ను తేటపడింది. కుడి కంట్లో శుక్లం తీసినా, రెటీనా దెబ్బతిన్నందున మధ్యచూపు రాలేదు. ఆ కంటితో చూస్తే మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. రెండు కళ్లూ బాగయ్యాయని సాక్ష్యం చెప్పమని ఆయన్ను ఎవరూ ఒత్తిడి చేయకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం కూడా సాక్ష్యమే.

ఇక గుర్తుంచుకోవలసినవి. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టండి; మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. 30 లోపే ఉరిమితే పని ఆపి ఇంట్లోకి వెళ్లండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. చెట్టు కిందికి పోకండి. ఫోనులో దామిని యాప్ పెట్టుకోండి. దెబ్బ తగిలినవారిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. వారి కనుపాపలు పెద్దవై కదలకుండా ఉన్నా చనిపోయారని వదిలేయకండి; పిడుగు తగిలినప్పుడు కొంతసేపు అలా కావచ్చు. 108కి ఫోన్ చేయండి, ఊపిరి ఆడకపోతే, గుండె ఆగితే ఛాతీ నొక్కుతూ ఉండండి. బతికినవారిని కంటి డాక్టరుకు వెంటనే చూపించండి, చూపు బాగానే ఉన్నా కొన్ని నెలల తర్వాత మళ్లీ చూపించండి. పసర్లు పోయకండి.

మీ వీధిలో పిడుగు తప్పించుకున్నవారు ఎవరైనా ఉంటే ఈ వారం వెళ్లి పలకరించండి. "ఎలా ఉన్నారు?" అని అడిగి ఊరుకోకండి, "ఎలా కనిపిస్తోంది?" అని అడగండి. ఆసుపత్రికి తోడు కావాలంటే మాకు కబురు చేయండి, మేము వస్తాం.

దేవుడు మిమ్మల్నీ మీ పొలాల్లో పనిచేసేవారినీ కాపాడును గాక. ఆమేన్.