కర్త లేని వాక్యము

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి ఉప్పల్, నాచారము ప్రాంతములలోని పల్లపు వాడలు నీట మునిగెను. చెరువుల ఆక్రమణయే యీ యనర్థమునకు మూలమని పండితులు పత్రికలతో చెప్పిరి. మేము మేడమీద కూర్చుండి చదివి, తల యూచితిమి.

నీరు తీసిన పిమ్మట, నల్లచెరువు దాపున నద్దెగదిలో నున్న మా శిష్యుని చూడబోయితిమి. పుస్తకములన్నియు బురదముద్దలు. "మేమేడ ఆక్రమించినం సార్? నెలనెలా కిరాయి కడుతున్నం గద!" అని వాని తల్లి యడిగినది. మాకు మాట రాలేదు.

వానకు కులధనభేదములు లేవు. నేల వెలకు కలవు. చెరువు పూడ్చి యమ్మినవారొకరు, మునిగినవారు వేరొకరు. ప్రభుత్వము ప్రకటించిన 10,000 రూపాయల సాయము మెట్టనేల నొసగదు. 'ఆక్రమణ' యని క్రియను చెప్పిన యా వాక్యమున కర్త లేడని, వ్యాకరణము నేర్పు మాకే తోచకపోయెను. చదువరులారా, మా మేడ క్రింది నేల యొకప్పుడేమో మేమెన్నడును విచారింపలేదు.