కాడెద్దులు, సుత్తీ కొడవలి

సత్తుపల్లి దాటి వేంసూరు దారి పట్టాక రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలే. మధ్యమధ్య మామిడి, అక్కడక్కడా జామాయిల్. ఇటు కొద్ది దూరం పోతే ఆంధ్రప్రదేశ్ హద్దు, అటు ఈశాన్యంగా వెళ్తే అశ్వారావుపేట అడవి అంచు.

వేంసూరు ఇప్పుడు ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఒకప్పుడు అసెంబ్లీ నియోజకవర్గం. జలగం వెంగళరావు 1962లో ఇక్కడి నుంచే శాసనసభకు వెళ్లారు. 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యేనాటికీ ఆయన వేంసూరు ఎమ్మెల్యేనే. 1978 ఎన్నికల్లో మాత్రం సత్తుపల్లి నుంచి గెలిచారు. ఆ కాలం ముచ్చట్లు చెప్పేవాళ్లున్నారా అని టీకొట్టు దగ్గర అడిగాను. "ఇద్దరున్నారు. విడివిడిగా అడక్కండి, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటేగానీ కథ పూర్తికాదు" అన్నాడు కొట్టతను.

అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన, పక్కన నులక మంచం మీద ఇంకొకాయన. ఇద్దరూ ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. కుర్చీలో ఉన్నాయన చెరువు కింద వరి పండించిన ఆసామి, తండ్రి నాటి నుంచి కాంగ్రెస్. మంచం మీదాయన ఆ పొలానికే నాటుకూ కోతకూ కూలికి పోయినవాడు. తరవాత వ్యవసాయ కార్మిక సంఘంలో చేరి, మార్క్సిస్టు జెండా పట్టి, అదే పొలం గట్టు మీద నిలబడి సమ్మె చేయించినవాడు. పేర్లు రాయొద్దన్నారు. వాళ్లలో వాళ్లు పిలుచుకునేది "ఆసామీ", "కామ్రేడూ" అనే.

ఒకరు గోడ మీద కాడెద్దుల బొమ్మ వేయిస్తే, తెల్లారేసరికి ఎదురుగోడ మీద సుత్తీ కొడవలి వెలిసేదట. 1969లో కాంగ్రెస్ చీలాక కాడెద్దులు పోయి ఆవూదూడ వచ్చాయి, అవీ పోయి చెయ్యి వచ్చింది. "గుర్తులే మారినయి, బుద్ధి మారలేదు" అన్నాడు కామ్రేడు. ఎమర్జెన్సీలో ఆయన చాలా నెలలు ఊరు వదిలి చుట్టాల ఊళ్లు పట్టుకు తిరిగాడు.

"నేను పట్టించలేదు గదా" అన్నాడు ఆసామి.

"అన్నమూ పంపలేదు."

ఆసామి భార్య పోయింది. పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో. కామ్రేడు భార్య కూడా లేదు. కొడుకు హైదరాబాదులో తాపీపని చేస్తాడు. ఈ అరుగు మీద కూర్చోవడం ఎప్పుడు మొదలైందని అడిగితే, ముందు ఎవరు ఎవరిని పలకరించారన్న దగ్గరే పేచీ వచ్చింది. ఒప్పుకున్నది ఒక్కటే, కామ్రేడుకి చూపు మందగించాక పేపరు చదివిపెట్టే మనిషి కావాల్సివచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆసామి 'నవతెలంగాణ' గట్టిగా చదువుతాడు. ప్రతి వార్తకూ తన వ్యాఖ్యానం కలుపుతాడు. "పేపర్లో ఉన్నదేదో, నువ్వు కలిపిందేదో నాకు తెలుసులే, కానీ" అంటాడు కామ్రేడు.

వీళ్లను ఒంటరి చేసింది వయసొక్కటే కాదనిపించింది, తోట చూశాక. చెరువు కింద వరి మళ్లలో ఇప్పుడు పామాయిల్. ఎకరానికి 57 చెట్లు. నాటిన నాలుగో ఏట కాపుకొస్తుంది. పది పదిహేను రోజులకోసారి ముఠావాళ్లొచ్చి గెలలు కోసి ట్రాక్టరుకెత్తితే, అశ్వారావుపేటలోనో అప్పారావుపేటలోనో ఫ్యాక్టరీకి చేరతాయి. డబ్బు బ్యాంకులో పడుతుంది. నాట్ల రోజుల్లో ఆసామి వాకిట్లో నలభైమంది ఉండేవారట. ఆ నలభైమందే కామ్రేడు సంఘం కూడా. వరి పోవడంతో ఒకరికి వాకిలి ఖాళీ అయింది, ఇంకొకరికి సంఘం చెల్లాచెదురైంది. కొట్లాడుకోవడానికి కారణం పోయింది, కొట్లాడినవాళ్లిద్దరే మిగిలారు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పిందన్నాను.

"ఆరుగురిలో ఒకడేనా? వాళ్లు మా వీధికి రాలేదు" అన్నాడు కామ్రేడు.

పిల్లలు ఫోన్ చేస్తారు. తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడుగుతారు. ఏం చెప్పినా సరే సరే అంటారు. ఎనభై ఏళ్ల మనిషి మాటను పట్టించుకుని, అది తప్పని వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఓపిక వీళ్లకు ఒకరి మీద ఒకరికి ఉంది. పాత పగ మరిచిపోయి కలిశారనుకుంటే పొరపాటు, ఏదీ మరిచిపోలేదు కాబట్టే కలిసి కూర్చోగలుగుతున్నారు.

అలాగని అంతా సమానమైపోలేదు. ఆ సంగతి కామ్రేడే ఎత్తాడు. "ఎకరాలు ఆయనవి. నాది నెలకు 2,016 రూపాయల పింఛను. స్నేహం స్నేహమే, లెక్క లెక్కే." ఆసామి ఈసారి కాదనలేదు.

లేవబోతూ, ఆనాటి సమ్మెకు చివరికి కూలి ఎంత పెరిగిందని అడిగాను. ఆసామి ముప్పావలా అన్నాడు, కామ్రేడు అర్ధరూపాయే అన్నాడు. ఇచ్చినాయన ఎక్కువిచ్చానంటాడు, పుచ్చుకున్నాయన తక్కువిచ్చాడంటాడు. ఏది రాసుకోమంటారని అడిగితే ఇద్దరూ ఒకేసారి "రెండూ రాయండి" అన్నారు. ఆ పూట వాళ్లకు కుదిరిన ఒప్పందం అదొక్కటే.